జవాబివ్వని గిటారు

ఆ పొద్దున ఎవాంజెలినమ్మ ప్రార్థన కీర్తన సగంలోనే ఆపేసింది. గోడకు తగిలించిన గిటారు పలకలేదు!

నవ్వకండి తల్లీ, ఇది నవ్వే మాట కాదు. ఆమె భర్త స్టాన్లీ కన్నుమూసి మూడేళ్లయింది. అప్పటినుంచీ తెల్లవారి ఆమె గొంతెత్తితే చాలు, ఎవరూ ముట్టని ఆ గిటారు తీగలు తేనెటీగ రొదలా సన్నగా మూలిగేవి. పాట ఆగాక కూడా ఆ మూలుగు కాసేపు నిలిచేది. పటాన్‌చెరు ఫ్యాక్టరీల పొగా మంచూ కలిసి కిటికీని కప్పేసే ఆ వేళ, ఇంట్లో ఇంకొకరు ఊపిరి తీస్తున్నట్టే ఉండేది. ఆమెకు భయం వేసేది కాదు. ఆయన వింటున్నాడు అనుకునేది. ఆ ఒక్క జవాబు కోసమే రోజూ లేచేది...

అది మామూలు గిటారు కాదు. స్టాన్లీ ఇక్కడి పంటల పరిశోధన కేంద్రంలో డ్రైవరుగా ఉన్నప్పుడు ఒక అమెరికా దొర వచ్చాడు. పడుచుతనంలో తమ దేశపు రేడియోలో కంట్రీ పాటలు పాడినవాడట. పశువులు, రైళ్లు, విడిపోయిన ఆలుమగలు, అన్నీ ఆ పాటల్లోనే! జొన్న చేల గట్టున జీపు ఆపుకొని స్టాన్లీకి వాయించడం నేర్పాడు. వెళ్లిపోతూ, తన తండ్రి నాటి ఆ గిటారును ఆయన చేతుల్లో పెట్టాడు. అలాంటివి ఇప్పుడు దొరకవంటారు. ఎవాంజెలినమ్మ దానిమీద దుమ్ము కూడా తుడవనిచ్చేది కాదు.

మరి ఏం జరిగింది? కోడలు మహిత చేసిన పని. కంది అనే పక్క ఊరి రైతుల పిల్ల, పెళ్లయ్యాకే చర్చి గడప తొక్కింది. ఆదివారం ఇంట్లో మామగారి జ్ఞాపకార్థ కూడిక. ఆ రోజు చర్చి పిల్లలు గిటారు వాయిస్తే అత్త మురిసిపోతుందని, చెప్పకుండా షాపుకు తీసుకెళ్లి తుప్పు పట్టిన తీగలు మార్పించుకొచ్చింది.

"పాత తీగలేవి?" అంది ఎవాంజెలినమ్మ.

"షాపాయన పడేసిండు అత్తమ్మ. ఇగ పనికిరావన్నడు..."

"ఆయన వేళ్లు ఆఖరుకు తాకినయి గవేనే. నా మొగుణ్ని రెండోసారి మట్టిల పెట్టినవ్ గదా."

అప్పుడే కొడుకు థామస్ కంపెనీలో రాత్రి డ్యూటీ దిగి వచ్చాడు.

"నీ పెండ్లాన్ని కందిల తల్లిగారింట్ల వదిలిపెట్టి రా. కూడిక నాడు దీని మొకం నేను చూడ."

"తీగలకు గింత లొల్లా అమ్మ? జెర చాయన్న తాగనీ."

"తాగి తోల్కపో."

మహిత లోపలికి వెళ్లింది. బట్టలు సర్దుకుని గుమ్మం దాకా వెళ్లి, అక్కడే నిలబడిపోయింది.

"పోత అత్తమ్మ. కానీ రోజూ పొయ్యి కాడ నిలబడి నేను గూడ ఇన్న దాన్ని. మీ పాట ఏడికొస్తే అది మూలుగుతదో నాకెరుకే. ఒక్కసారి పాడుండ్రి."

"నేనింక పాడ."

"పాడకుంటే నేను గీడికెల్లి కదల."

ఏడుస్తూనే అంది. మొండి పిల్ల! గిటారు దింపి ఒళ్లో పెట్టుకుని నేలమీద కూర్చుంది. చివరకు అత్త, సగంలో ఆపిన కీర్తననే మళ్లీ ఎత్తుకుంది. వాయించడం రాని కోడలు తీగలు బిగించే మరలు ఒక్కొక్కటే తిప్పుతూ, చెక్కకు చెంప ఆనించి వింటోంది. పలకలేదు. ఇంకా తిప్పింది.

"తెంపుతవేమో," అన్నాడు థామస్.

"వదులు చేస్తుంటే ఎట్ల తెగుతది? షాపాయన గూడ అడిగిండు, శ్రుతి గింత కిందికి ఎవరు పెట్టుకున్నరమ్మ, దీంతోని ఏ పాటా కలవదని. కొత్తవి పైకి బిగించిండు... అత్తమ్మ, మీ గొంతు కాడికే దించిండు మామయ్య, గందుకే మీరు పాడితే మూలిగేది."

అంతలో తీగ మూలిగింది. మహిత చెంప కింద చెక్క జలదరించింది.

ఎవాంజెలినమ్మ పాట ఆపి గోడకు చేరబడింది. ప్రతి క్రిస్మస్‌కూ ఆయన ఒంటరిగా కూర్చుని ఆ మరలు తిప్పేవాడు. ఏం చేస్తున్నవంటే, తీగలు సాగినయి అని నవ్వేవాడు. చర్చికి కీబోర్డు వచ్చాక, "అంకుల్, మీ గిటారు కలుస్తలేదు" అన్నారు పాడే పిల్లలు. ఆయన వాళ్ల వరుస వదిలి వెనక బెంచీకి వెళ్లిపోయాడు... అంత ప్రాణమైన వాయింపునే వదులుకున్నాడు, తీగలు మాత్రం పైకి బిగించలేదు! ముసలోడివై వాయించుడు మర్చిపోయినవని ఇంట్లో తాను ఎన్నిసార్లు ఎగతాళి చేసిందో. ముసలిదైంది ఆయన చెయ్యి కాదు, తన గొంతు. అది ఆమెకు తెలియనియ్యకుండా తీగలను ఏడాదికింత దించుకుంటూ వచ్చాడు...

"బ్యాగు లోపల పెట్టు బిడ్డ," అంది. 

ఆదివారం ఇల్లు నిండింది. చర్చిలో కీబోర్డు వాయించే ఎల్సీ గిటారు అందుకుని మరల మీద చెయ్యి వేసింది.

"ఆంటీ, దీని శ్రుతి బాగ కిందికుంది. సరిచేస్త."

ఎవాంజెలినమ్మ ఆ చెయ్యి పట్టుకుంది. "దాన్ని ముట్టకు. నీ కీబోర్డునే కిందికి దించు తల్లి. నా గొంతు దిగిపోయింది." అందరి ముందూ, తల ఎత్తి చెప్పింది.

తర్వాత కోడలి వైపు చూసింది. "గిటారు పట్టుకొని నా పక్కన కూసో. నాకు అందని కాడ నువ్వు పాడు."

ఆమె పాట ఎత్తుకుంది. మహిత ఒళ్లో, ఎవరూ మీటని తీగలు మూలిగాయి. కూడికకు వచ్చినవాళ్లంతా ఒక్కసారిగా తలలు తిప్పారు.