ఏడు కంచాలు

"ఈపారి సద్ది గట్టుడు బంద్ అక్కా! రెండు దినాలూ హోటల్ల కూసొనే తింటం. నువ్వు పొయ్యి దిక్కు సూసే పనే లేదు!"

చిన్నకోడలు దీప నవ్వుతూ అన్న ఈ మాటలు పెద్దకోడలు రోజారాణి గొంతులో గాలం ముల్లులా దిగబడ్డాయి... మింగలేదు, కక్కలేదు! ఆమె చేతిలోని బొచ్చె చేప సగం పొలుసుతో అలాగే ఆగిపోయింది. పన్నెండేళ్లు! పన్నెండేళ్లుగా ఈ ఇంట్లో ఎవరు ఎక్కడికి కదిలినా తన చేతి సద్ది లేకుండా కదిలారా? ఇవాళ నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల "బంద్" అంటే బందైపోతుందా!

అసలు రోజారాణి వంటంటే మాటలా! ఆమె చేపల పులుసుకు పోపు వేసిందంటే ఆ వాసన షామీర్‌పేట చెరువు కట్ట దాటి, రాజీవ్ రహదారి ఎక్కి, కరీంనగర్ బస్సును ఆపేసేది. "టైరు పంచరైంది" అని చెప్పి డ్రైవరు కిందికి దిగేవాడు. ఏ టైరువైపూ చూడకుండా కళ్లు మూసుకొని గాలి పీల్చుకుంటూ నిలబడేవాడు. నమ్మనివాళ్లు నమ్మకండి, ఆ డ్రైవరు ఇప్పటికీ ఉన్నాడు, అడిగితే సిగ్గుపడతాడు. ఏడుపాయల జాతరకు వెళ్లినా, కొమురవెల్లి మల్లన్న దగ్గరకు వెళ్లినా, నాలుగు గిన్నెల క్యారియర్ నిండా చేప వేపుడు, పులిహోర, జొన్నరొట్టెలు నింపుకొని రోజారాణి ముందు నడిచేది. మామ గాలయ్య, అత్త ఐలమ్మ, భర్త మహేందర్, మరిది శివ, పిల్లలు అన్వేష్, అక్షిత అందరూ చుట్టూ కూర్చునేవారు. ఆమె నిలబడి వడ్డించేది. "ఇంకో తునక ఎయ్యి రోజా!" అనే ఆ ఒక్క మాట చాలు... ఆమె కడుపు నిండిపోయేది!

ఆ మాట ఇక ఎవరికో హోటల్ పిల్లగాడికి వెళ్తుందన్నమాట!

ఈ దీప ఎవరనుకున్నారు? అత్వెల్లి పిల్ల. తుర్కపల్లిలో మందుల కంపెనీ ల్యాబులో ఉద్యోగం. మరిది శివ అదే కంపెనీకి క్యాబు నడుపుతాడు. రోజూ పొద్దున ఎక్కించుకొని, సాయంత్రం దింపి, ఎక్కించుకొని, దింపి... ఒకరోజు దింపడమే మరిచిపోయి నేరుగా ఇంటికి తెచ్చేశాడు! పెళ్లయి ఆరు నెలలు. ఆరు నెలల్లోనే ఇల్లంతా ఆ పిల్ల వేలి కొసకు చుట్టుకుపోయింది.

పట్నానికి ఆ చివర కొత్తగా పెట్టిన పెద్ద ఆటల పార్కుకు పోదామన్నది దీపే. పిల్లలకు సెలవులు, తనకూ సెలవు దొరికింది. ఫోను ముందు పెట్టుకొని అందరినీ చుట్టూ కూర్చోబెట్టుకుంది. "మొదటి దినం పగటీలి గుహ హోటలు. మాపటికి నీళ్ల నడుమ పడవ హోటలు. రెండో దినం పగటీలి చెట్టుకొమ్మల మీది హోటలు. ముందుగాలనే టేబుల్ చెప్పుకోకుంటే ఎండల గంటసేపు నిలవడాలె."

"గుహల ఏం బెడ్తరు బిడ్డా, గబ్బిలాలా?" అని ఐలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"చెరువు మీద తెప్పల పుట్టినోణ్ణి! నన్ను తీస్కపోయి మళ్ల పడవల్నే కూసోబెడ్తరా? గా హోటలోనికి పడవ నడపరాకుంటే నన్నే నడుపుమంటడేమో, సూస్కోండ్రి!" గాలయ్య మీసం దువ్వాడు.

ఇల్లంతా ఒకటే నవ్వు! "మస్తు ప్లాన్ జేసినవ్ దీపా!" అన్నాడు మహేందర్. గడప దగ్గర నిలబడిన రోజారాణి గుండె చిటుక్కుమంది. మస్తు! ఆ మాట తన చేప వేపుడుకు తప్ప ఇంకే పనికీ రాలలేదే ఆ మహానుభావుడి నోట్లోంచి! ఇప్పుడు పొయ్యి వెలిగించకుండానే, ఉల్లిగడ్డ కోయకుండానే, వేలితో ఫోను గీకినందుకే మస్తు!

"అమ్మా, నువ్వు గూడ రావే, చిన్నమ్మ ఫోటోలు సూపిస్తాంది!" అని అక్షిత పిలిచింది.

"నాకు పనుంది" అని రోజారాణి లోపలికి వెళ్లిపోయింది. ఏ పనీ లేదు. కడిగిన గిన్నెలే మళ్లీ కడిగింది... ఒక్కో గిన్నెను దీప అనుకొని తోమింది!

మర్నాడు పదకొండు గంటలప్పుడు చేపలు కోస్తుంటే ఫోను మోగింది. దీప తన గొంతుతో మాట రికార్డు చేసి పంపింది. ల్యాబు లోపలికి ఫోను రానివ్వరట, గబగబా చెప్పింది: "అక్కా, మామయ్య వస్తడో రాడో, ఆడిబిడ్డ సుక్కమ్మ వస్తదో రాదో నాకు తెలుస్తలేదు. టేబుల్ కాడ ఎందరమో నువ్వే పేర్లతోని జెప్పు. గా మాట సీదా మీ మర్దికి పంపిస్త, ఆయన హోటళ్లకు ఫోన్ జేస్తడు."

చేతులనిండా పొలుసు. చిటికెన వేలితో ఫోను నొక్కి, తనూ గొంతుతోనే ఏదో లెక్క చెప్పి పంపి, రోజారాణి మళ్లీ కత్తిపీట ముందు కూర్చుంది. ఏం చెప్పిందో ఆమెకే పట్టలేదు. మనసులో మంట అటువంటిది!

రెండు రోజుల తర్వాత శివ ఫోనులో హోటల్ వాళ్లు పంపిన కబురును అక్షిత చదివి వినిపించింది. "గుహ హోటలు, టేబుల్ నంబర్ నాలుగు. ఏడుగురు."

రోజారాణి వేళ్లు ముడిచింది. సుక్కమ్మ రావడం లేదు. మామ, అత్త, భర్త, మరిది, దీప, ఇద్దరు పిల్లలు... ఏడు. మళ్లీ ముడిచింది. ఏడే! మరి తను?

అయ్యో... అయ్యయ్యో! తన పీటే ఎగరగొట్టేసిందా ఆ పిల్ల! సద్ది బంద్ చేసింది చాలక మనిషినే బంద్ చేసిందా! అడగాలని నోటిదాకా వచ్చింది. కానీ ఎలా అడుగుతుంది? పెద్దకోడలు చిన్నకోడలి ముందు నిలబడి "నాకో పీట పెట్టు" అని అడుక్కోవాలా? ఉల్లిగడ్డలు ముందేసుకొని ఏడ్చింది. కిలో ఉల్లిగడ్డలు కోసింది. ఆ సాయంత్రం ఇంట్లో ఉల్లిగడ్డ కూర, ఉల్లిగడ్డ పెరుగు, ఉల్లిగడ్డ పకోడీ! ఎందుకని ఒక్కరూ అడగలేదు. లొట్టలేసుకొని తిన్నారు.

అప్పుడే నిశ్చయించుకుంది. నా ముద్ద నేనే కట్టుకుపోతా! పైకి అలా అనుకుంది గానీ, లోపల ఇంకో ఆశ ఉంది. హోటలు కూడు నోటికెక్కక, తన డబ్బా మూత తీయగానే అందరూ పీటలు వదిలేసి తన చుట్టూ మూగాలి... ఆ పిల్ల ఒక్కతీ టేబుల్ నంబర్ నాలుగు దగ్గర మిగలాలి! అంతే కావాలి!

బయలుదేరే రోజు పెద్ద స్టీలు డబ్బా నిండా చేప వేపుడు సర్ది, మూత బిగించి, మూడు చీరలు చుట్టి సంచి అడుగున పెట్టింది.

పార్కు గేటు దగ్గర వరసగా సంచులు చూస్తున్నారు. గార్డు ఆమె సంచి దగ్గరికి వచ్చి ముక్కు ఎగబీల్చాడు. మొదటి చీర విప్పాడు... రెండోది... మూడోది విప్పేసరికి వెనకున్న వరసంతా మెడలు చాచింది!

"అమ్మా, బయటి తిండి లోపలికి తీస్కపోవద్దు. గీడ కౌంటర్ల పెట్టి టోకెన్ తీసుకోండ్రి."

"ఏందిది రోజా! అందరి ముందట ఇజ్జత్ తీస్తివి గదనే!" అని మహేందర్ పళ్లు కొరికాడు. రోజారాణికి భూమి చీలితే బాగుండునన్నంత సిగ్గు! తల ఎత్తేసరికి దీప ఒక్క మాట కూడా అనకుండా డబ్బాను రెండు చేతులా పట్టుకెళ్లి కౌంటర్లో పెట్టి, టోకెన్ భద్రంగా తన పర్సులో దాచుకుంటోంది. ఆ మౌనం చూసి ఇంకా మండింది. నవ్వొచ్చు కదా! నాలుగు మాటలు అనొచ్చు కదా! మంచిదనం కూడా తనకే కావాలా ఈ పిల్లకు!

గుహ హోటలు నిజంగానే గుహ. చల్లగా ఉంది. టేబుల్ నంబర్ నాలుగు పెద్ద రాతి బల్ల. చుట్టూ రాతి పీటలు... నేలలో పాతేసినవి! ఒకటి, రెండు, మూడు... ఏడు.

పిల్లలు దూకి కూర్చున్నారు. గాలయ్య, ఐలమ్మ, శివ, మహేందర్ కూర్చున్నారు. దీప కూర్చోబోతూ వెనక్కి తిరిగింది. రోజారాణి ఇంట్లో నిలబడినట్టే మామ వెనక నిలబడి ఉంది, చేయి అలవాటుగా అన్నం గిన్నె మీద వేసి.

"మేడమ్, వడ్డించుడు మా పని. మీరు కూసోండ్రి" అన్నాడు వడ్డించేవాడు.

"యాడ కూసోమంటవు!" రోజారాణి గొంతు ఒక్కసారిగా పగిలింది. "నా పీట ఏది? నాకు ఆకలి లేదు... తినండ్రి, మంచిగ తినండ్రి! లెక్కల్నే లేని మనిషిని నేను!"

దీప ముఖం పాలిపోయింది. "ఏందిది? ఎనిమిదిమందిమి గదా! ఏడే ఎందుకు చెప్పిండ్రు?" అని భర్తవైపు తిరిగింది.

"నాకేం తెల్సు? వదినె జెప్పిన లెక్కే జెప్పిన!" శివ బిత్తరపోయాడు.

"నేను జెప్పిన్నా! నా మీదికే నూకుతున్రా!" రోజారాణి కళ్ల నుంచి నీళ్లు ధారకట్టాయి. "నోరెత్తనని... అడగనని... పన్నెండేండ్లు మీ అందరి కడుపులు నింపిన దాన్ని..."

ఇంతలో అక్షిత బాబాయి ఫోను అందుకొని, దీప పంపిన ఆ రికార్డు నొక్కేసింది. గుహ చిన్నది, రాతిగోడలు. రోజారాణి గొంతు గుహంతా మారుమోగింది.

"మామయ్య... అత్తమ్మ... అన్వేష్ వాళ్ల నాయిన... శివ... దీప... పిల్లలిద్దరు. ఏడు కంచాలు దీపా. ఏడే."

పక్క టేబుళ్లవాళ్లు చెంచాలు ఆపేశారు. అక్షిత ఫోనువంక చూసి, తల్లివంక చూసి మెల్లగా అడిగింది.

"గీండ్ల నువ్వు యాడున్నవే అమ్మా?"

రోజారాణి తన వేళ్లవంక చూసుకుంది. పొద్దూ మాపూ వంటింట్లో ఎన్ని కంచాలు తీస్తుందో అన్నే చెప్పింది... దీప వచ్చాక ఏడు, అంతకుముందు ఆరు. తన కంచం ఏనాడు తీసింది గనక? అందరూ తిన్నాక వంట గంజులో మిగిలింది గంజులోనే కలుపుకొని, పొయ్యి పక్కన నిలబడి నాలుగు ముద్దలు... తన పీట ఎవరూ తీయలేదు. తనే పెట్టుకోలేదు!

దీప వచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "అక్కా... గీ ఇంట్లకొచ్చి ఆరు నెలలాయె. నువ్వు కూసొని తినంగ ఒక్కనాడు సూడలేదు. క్యారియర్ తెస్తే మళ్ల నిలవడ్తవనే సద్ది వద్దన్న. కూసొని తినే హోటళ్లు ఏరి ఏరి నీ కొరకే పట్టిన... నువ్వేమో నిన్నే ఇడిసిపెడ్తివి గదక్కా!" అని వెక్కివెక్కి ఏడ్చింది.

అప్పుడు లేచింది ఐలమ్మ. మోకాళ్ల నొప్పులతో బల్ల పట్టుకొని లేచింది. "గీ లెక్క నీది గాదు బిడ్డా... నాది. మా అత్త 'ఎన్ని కంచాలే?' అంటే నేను గూడ నన్నిడిసే జెప్పేదాన్ని. నువ్వొచ్చినంకనే నేను కంచం కాడ కూసున్న. నా తావుల నిన్ను నిలవెట్టి సంబురపడ్డ గని... నీకు ఆకలైతదని సోయి లేకపాయె నాకు!" కోడలి భుజం పట్టుకొని తన పీట వైపు నెట్టింది. "కూసో!"

"వద్దత్తమ్మా! మీరు నిలవడుడేంది..."

మహేందర్ లేచాడు. శివ లేచాడు. గాలయ్య లేచాడు. పిల్లలు ఆటనుకొని దూకి లేచారు. దీప ముందే నిలబడి ఉంది. ఏడు పీటలూ ఖాళీ... ఏడుగురూ నిలబడ్డారు! వడ్డించేవాడు చేతిలో సూపు గిన్నెతో ఎవరికి పోయాలో తెలియక గుహ కప్పువంక చూశాడు.

ఆ ఏడు పీటల మధ్య రోజారాణి ఒక్కతే కూర్చుంది. మహేందర్ ఆమె ముందు పళ్లెం పెట్టాడు. పన్నెండేళ్లలో ఇదే మొదటిసారి. ఐలమ్మ అన్నం పెట్టింది. దీప చేప ముక్క వేసింది. రోజారాణి కన్నీళ్లతోనే తునక తుంచి నోట్లో పెట్టుకుంది. అందరూ ఆమె నోటివంకే చూస్తున్నారు.

"ఉప్పు తక్కువైంది" అంది. ఇంకో తునక తుంచుకొని, "చింతపండు పాతది... నా వేపుడు ముందట ఇదెంత?"

దీప కన్నీళ్లలోంచే పకపకా నవ్వింది. పర్సులోంచి టోకెన్ తీసి చూపించింది. "అందుకే దాచిన గదక్కా! తిన్నంక గేటు కాడికి పోదాం."

వడ్డించేవాడు ఎక్కడినుంచో ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి ఐలమ్మకు వేశాడు. ఎనిమిదిమందీ కూర్చున్నారు. మూడింటికి గేటు బయట డబ్బా తెరుచుకుంది. మూత తీసిన ఆ ఘడియలో లోపల గిరగిర తిరిగే పెద్ద చక్రం పైనే ఆగిపోయిందనీ, అందులోవాళ్లంతా కిందికి వంగి వాసన పట్టారనీ గాలయ్య ఇప్పటికీ చెబుతాడు. గార్డు మాత్రం మూడు తునకలు తిన్న మాట నిజం. అందరూ మూగారు, దీప అందరికంటే ముందు మూగింది. "మస్తుందక్కా!" అని వేళ్లు నాకుతున్న ఆ పిల్లను చూస్తే రోజారాణికి ఇంకా కాస్త మండింది... అయినా పెద్ద తునక ఏరి ఆమెకే పెట్టింది.

సాయంత్రం పడవ హోటలుకు లెక్క మార్చి చెప్పాలని శివ ఫోను చెవిన పెట్టుకున్నాడు. "వదినె, పేర్లు జెప్పు. ఈపారి పైలం!"

రోజారాణి చేయి ముందుకు చాపింది. అలవాటుగా "మామయ్య" అనబోయి ఆగింది. అత్త ముఖంలోకి చూసింది. ఐలమ్మ తలూపింది.

రోజారాణి బొటనవేలు ముడిచింది.

"నేను..."