ఎండిన బావి మీద గిరక

గల్ఫ్‌లో ఫుజైరా ఊరు దాటి కొండల వైపు వెళ్ళే దారిలో, ఖర్జూరపు తోటల చివర ఒక పాత ఇల్లుంది. దాని పెరట్లో బావి. ముప్ఫై ఏళ్ళుగా అందులో చుక్క నీళ్ళు లేవు. గట్టు మీద ఇనుప గిరక మాత్రం ఇంకా ఉంది, చేంతాడు కూడా ఉంది. చీకటి పడ్డాక అటువైపు టాక్సీవాళ్ళు రామంటారు.

ఎందుకంటే, ఆ గిరక రాత్రిళ్ళు తిరుగుతుందంటారు.

ఈ సంగతి నాకు చెప్పింది ఫేబా. చీరాల పిల్ల, నర్సు. నేనూ ఇక్కడే గల్ఫ్‌లో మా అమ్మాయి దగ్గర ఉంటాను. ఫేబా మా అమ్మాయి వెళ్ళే చర్చికే వస్తుంది, నన్ను పెద్దమ్మా అంటుంది. 2021లో ఆ ఇంట్లో రాత్రి డ్యూటీ చేసింది. నాకు ఈ మధ్య పేర్లు జారిపోతున్నాయి. అందుకే విన్నది విన్నట్టు రాసిపెడుతున్నాను.

ఆ ఇంట్లో అబిగెయిల్ అనే అమెరికా ముసలామె ఉండేది. కొడుక్కి రేవులో ఉద్యోగం. తుంటి విరిగి ఆమె మంచం పట్టింది. మతిమరుపూ మొదలైంది.

"గిరక సంగతి ముందే చెప్పలేదేం?" అని వాచ్‌మన్ ఖాదర్ హుస్సేన్‌ని అడిగిందట ఫేబా. ఆయనది రాయచోటి.

"చెప్తే నువ్వొచ్చేదానివా సిస్టరమ్మా? నాకు జీతమిచ్చేది తోటకి, దయ్యాలకి కాదు. ఎనిమిదేండ్లుగా ఈడ ఉండా. ఈ మేడమ్ వచ్చినాకనే అది మొదలైంది."

అబిగెయిల్ తలగడ పక్కన ఎప్పుడూ ఒక పెద్ద బైబిలు ఉండేది. దాదాపు రెండు వందల ఏళ్ళది. మనవాళ్ళు రాసుకున్నట్టే వాళ్ళూ అందులో పుట్టినవాళ్ళ పేర్లు, పోయినవాళ్ళ పేర్లు రాసుకున్నారు. మొదటి రెండు వరుసల్లో మాత్రం పేర్లు లేవు. ఖాళీ వదిలి, పక్కన ఇంతే ఉంది: కొడుకు, మూడేళ్ళు. కూతురు, పదకొండు నెలలు.

ఎందుకలా అని ఫేబా అడిగింది. ఆ సాయంత్రం ముసలామెకు తెలివి బాగుంది. చెప్పింది.

1800లో వాళ్ళ దేశంలో అధ్యక్షుడి ఎన్నిక. ఒకాయన దేవుణ్ణి నమ్మడని, ఆయన గెలిస్తే ఇల్లిల్లూ సోదా చేసి బైబిళ్ళు పట్టుకుపోతారని పాదిరిగారు గుడిలోనే చెప్పారట. ఊరు రెండుగా చీలింది. మన దగ్గర సర్పంచి ఎన్నికకే అన్నదమ్ములు పలకరింపులు మానేస్తారు, అమెరికా అయితే ఏం?

అబిగెయిల్ పూర్వికురాలు పేషెన్స్ అనే ఆమె. అప్పటికే భర్త పోయాడు, ఇద్దరు పిల్లలు పోయారు, చంటివాడొక్కడే మిగిలాడు. అన్న ఒక పక్షం, మరిది ఇంకో పక్షం. ఆమె ఎవరినీ నమ్మలేదు. ఒక రాత్రి ఇంటి బైబిలు మూటగట్టి, ఊరవతల వాడకం లేని బావిలోకి తాడుతో దించింది.

ఆయనే గెలిచాడు. బైబిలు కోసం ఒక్కరూ రాలేదు. మంచు కరిగాక ఆమె వెళ్ళి చూస్తే... బావి కూలిపోయి ఉంది.

పోయిన పిల్లల పేర్లు ఆ పుస్తకంలోనే ఉండిపోయాయి. దుఃఖంతో ఆమె ఆ పేర్లు మళ్ళీ నోట పలకలేదు. ముప్ఫై ఏళ్ళకి కొడుకు కొత్త బైబిలు కొని, "అమ్మా, వాళ్ళ పేర్లేంటి?" అని అడిగాడు. ఆమె నోరు తెరిచింది...

పేర్లు రాలేదు.

అప్పటినుంచి చచ్చిపోయేదాకా, రాత్రయితే తాడు పట్టుకుని, కనబడ్డ ప్రతి బావి దగ్గరికీ వెళ్ళేదట.

"ఇంకా వెళ్తోంది," అంది అబిగెయిల్ గుసగుసగా. "ఈ పుస్తకం ఎక్కడుంటే అక్కడికి."

వారం తిరక్కుండా ఆ బైబిలు మాయమైంది. ఇంట్లో బయటి మనిషి ఫేబా ఒక్కతే. కొడుకు గట్టిగా అరవలేదు. "పొద్దునకల్లా దొరక్కపోతే మీ ఏజెన్సీకి చెప్పక తప్పదు," అన్నాడు. అంతే. ఉద్యోగం పోవడం ఒక ఎత్తు, బైబిలు దొంగ అనే పేరుతో చీరాలలో దిగడం ఒక ఎత్తు. పిల్ల ఆ రాత్రి కుర్చీలో కూర్చుని ఏడ్చి ఏడ్చి కాస్త కన్ను మూసిందట.

రెండు దాటాక... కిర్ర్... కిర్ర్...

మెలకువ వచ్చింది. మంచం వైపు చూడలేదు. నేరుగా పెరట్లోకి నడిచింది.

ఖాదర్ హుస్సేన్ తన గది గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. "పోవద్దు సిస్టరమ్మా."

"పోకపోతే నా పరువు పోతుంది భాయ్. టార్చి ఇయ్యి."

టార్చి ఇచ్చాడు. నాలుగడుగులు వెనకాలే వచ్చాడు కూడా.

బావి దగ్గర ఎవరూ లేరు. గిరక ఆగింది. చేంతాడు మాత్రం బిగుసుకుని ఉంది. కింద ఎవరో పట్టుకున్నట్టు... సన్నగా వణుకుతోంది.

ఇద్దరూ కలిసి లాగారు. ముందు కదల్లేదు. తర్వాత ఒక్కసారిగా తేలికైపోయింది. పైకొచ్చింది ఒక మూట. తలగడ గలీబు. అందులో బైబిలు.

ఎండిన బావి. కానీ ఆ గలీబు అడుగు తడిగా ఉంది.

లోపలికి పరిగెత్తారు. కొడుకు లేచి దీపం వేశాడు. అబిగెయిల్ పడుకునే ఉంది, కళ్ళు తెరుచుకుని. ఆమె అరికాళ్ళ నిండా ఇసుక.

"అమ్మే వెళ్ళింది," అన్నాడు కొడుకు, తల పట్టుకుని. "ఎలా నడిచిందో ఏమో. నన్ను క్షమించు సిస్టర్." అంతేనన్నమాట, ముసలితనపు చాదస్తం, అనుకున్నారు అందరూ. ఖాదర్ హుస్సేన్ నవ్వేశాడట కూడా.

ఫేబా పేజీ తిప్పింది. మొదటి రెండు వరుసల్లో ఖాళీ లేదు. బాల్‌పెన్నుతో, అబిగెయిల్ వంకర చేతిరాతలో... రెండు పేర్లు.

"ఎవరు చెప్పారు మేడమ్?"

"ఆమే. తాడు ఒక కొస నేను పట్టుకున్నాను. తొందరగా రాయి, మళ్ళీ మరిచిపోతాను అంది."

ఆ తర్వాత గిరక తిరగలేదు. ఎండాకాలంలో అబిగెయిల్ కన్నుమూసింది. కొడుకు వెళ్ళిపోతుంటే దారిలో ఒక పెట్టె తప్పిపోయింది. బైబిలు అందులోనే ఉంది.

ఫేబా ఇదంతా చెప్పిన రోజు నా దగ్గర వేరే కాగితం లేదు. నా బైబిలు ముందు పేజీలో ఆ రెండు పేర్లూ రాసుకున్నాను. మొన్న ఆమెకి ఫోన్ చేసి పేర్లు అడిగితే, "అయ్యో పెద్దమ్మా, నాకు గుర్తు లేవు. మీరు రాసుకున్నారుగా?" అంది.

రాసుకున్నాను. కానీ పోయిన నెల ఇంటికి రంగులు వేస్తుంటే, పాడవుతుందని నా బైబిలు భద్రంగా దాచాను. ఎక్కడ దాచానో...

మూడు రోజులు వెతికాను. మూడో రోజు ఇంకో సంగతి తెలిసింది. ఆ పేజీలోనే నా మొదటి కూతురి పేరు ఉంది. తొమ్మిది రోజులు బతికింది. ఆ పేరు పెట్టిన మా ఆయన లేరు. ఆ పేరుతో దాన్ని పిలిచినవాళ్ళు ఇంకెవరూ లేరు. సోఫాలో కూర్చుని నోరు తెరిచాను...

రాలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మాది పదకొండో అంతస్తు. చుట్టుపక్కల బావి అన్నది లేదు. రెండు దాటాక వినబడింది. కిర్ర్... కిర్ర్...

మా అమ్మాయిని లేపలేదు. లేపితే చాదస్తం అంటుంది. గోడ పట్టుకుని చప్పుడు వెంట నడిచాను. హాలు దాటి, వరండా దాటి, చివరి గదిలో బీరువా దగ్గర చప్పుడు ఆగిపోయింది. బీరువా పక్కన, ఊరికి వెళ్ళేటప్పుడు తీసుకెళ్ళడానికి సబ్బులు, చాక్లెట్లు నింపుతూ ఉంచిన సూట్‌కేసు. తెరిచాను. అడుగున, నా పాత నేత చీరలో మూట.

మూట అడుగు తడిగా ఉంది.

లైటు వేసి పేజీ తీశాను. ఇదిగో, చూసి రాస్తున్నాను. ఆసా, మూడేళ్ళు. మెహిటబెల్, పదకొండు నెలలు. వాళ్ళ పైన, మా ఆయన చేతిరాతలో — సుగుణమణి. తొమ్మిది రోజులు.

మీరూ ఈ పేర్లు ఒకసారి పైకి చదవండి. మరిచిపోయారనుకోండి, ఏదో ఒక రాత్రి మీ ఇంట్లో గిరక తిరుగుతుంది. భయపడకండి. తాడు రెండో కొస ఖాళీగానే ఉంటుంది... పట్టుకోండి.