గొట్టంలో నాచు

ఆదివారం పొద్దున్న ఏడింటికల్లా వాష్‌బేసిన్ దగ్గర మామగారు గొంతు సవరించుకోవడం మొదలుపెట్టారు. అది ఒకటి రెండు దగ్గులతో తేలే వ్యవహారం కాదు. పేగులన్నీ బయటికి తీసి దులుపుకుంటున్నట్టు పావుగంట సాగుతుంది. వంటింట్లో కాఫీ కలుపుకుంటున్న కోడలు కప్పు గట్టు మీద పెట్టేసి కిటికీ వైపు తిరిగింది. ఇక ఆ కాఫీ ఆమెకు గొంతు దిగదు.

'ఇవాళ్టితో సరి' అనుకుంది. పదకొండింటికి ఆడపడుచు కారు వేసుకుని వచ్చి తండ్రిని తన ఇంటికి తీసుకెళ్లిపోతుంది. పెట్టె అప్పుడే గుమ్మం పక్కకి చేరింది.

రోత పుట్టించే పనులు ఒకటా రెండా! హాల్లో కూర్చుని కాలిగోళ్లు తీసుకుంటారు. అవి చిటుక్కుమని ఎగిరి సోఫా కింద ఎక్కడో పడతాయి. కట్టుడు పళ్లు అందరూ మంచినీళ్లు తాగే గ్లాసులోనే నానబెడతారు. మూడేళ్లుగా అన్నీ పంటి బిగువున భరించింది. బుధవారం జరిగినదానితో మాత్రం ఆ ఓపిక కాస్తా అయిపోయింది.

కోడలిది కట్టబోయే ఇళ్లను కంప్యూటర్లో తయారు చేసి, గదిగదీ తిప్పి చూపించే పని. ఇంట్లో కూర్చునే చేస్తుంది. ఒక్కో వీడియో తయారవడానికి కంప్యూటర్ గంటల తరబడి ఆగకుండా పనిచెయ్యాలి. అందుకని భర్త దాన్ని ఓవర్‌క్లాక్ చేసి పెట్టాడు. అంటే కంపెనీ పెట్టిన వేగాన్ని మించి ప్రాసెసర్‌ని పరిగెత్తించడమన్నమాట. వేగం పెరిగితే వేడీ పెరుగుతుంది కనక, చల్లబరచడానికి పారదర్శకమైన గొట్టాల్లో కూలెంట్ అనే ద్రవం తిరిగే ఏర్పాటు చేశాడు. నీలం లైట్లు, లోపల బుడగలు. ఆఫీసులో వాటి ఫొటోలు చూపించి మురిసిపోయాడు.

బుధవారం ఒక వీడియో సగంలో ఉండగా కంప్యూటర్ ఆగిపోయింది. పక్క పలక ఊడదీసి చూస్తే గొట్టాల నిండా నాచు! పచ్చగా, జిగటగా, చీమిడిలా వేలాడుతోంది. ఒక అతుకు దగ్గర కారి మదర్‌బోర్డు మీద పడి, బోర్డు కాస్తా కాలిపోయింది. నెల్లాళ్లు మార్చని పూలజాడీ నీళ్ల కంపు గుప్పుమంది. కోడలికి డోకు వచ్చి బాత్రూంలోకి పరిగెత్తింది.

"ఇందులో ఎవరో కుళాయి నీళ్లు కలిపారు. కూలెంట్ తప్ప చుక్క నీళ్లు కూడా పోయకూడదని చిలక్కి చెప్పినట్టు చెప్పాను కదా!" అంది తిరిగి వచ్చి.

భర్త స్క్రూలు ఏరుకుంటూ, "నాన్నే పోసుంటాడు. రోజూ దాని ముందే కదా కూర్చుంటాడు" అన్నాడు.

కూర్చునే మాట నిజమే. మామగారు ముప్పై ఏళ్లు ఒక ఫ్యాక్టరీలో బాయిలర్ చూసుకున్న మనిషి. గాజుగొట్టంలో నీళ్ల మట్టం కనిపిస్తే ఆయన కాళ్లు కదలవు.

"మీ ఎంగిలి గ్లాసుతోనే పోశారా మామయ్యా? ఇంట్లో ఇంకేదీ దొరకలేదా పాడు చెయ్యడానికి?" అని కోడలు అరిచింది. ఆయన కొడుకు వంక ఒక్కసారి చూసి, "పొరపాటైపోయిందమ్మా" అన్నారు. ఆ సాయంత్రమే ఆడపడుచుకి ఫోన్ వెళ్లింది.

టిఫిన్లయ్యాక భార్యాభర్తలు లాప్‌టాప్ ముందు పెట్టుకుని కొత్త బోర్డు, కొత్త కూలింగ్ వెతకడానికి కూర్చున్నారు. పాత సరంజామా అంతా పేపరు పరిచి దాని మీద పెట్టి ఉంది. ఆమె అటు చూడకుండా ముక్కుకి చున్నీ అడ్డం పెట్టుకుంది.

"ఈ బోర్డు చూడు, ఏడు రంగుల లైట్లు!"

"లైట్లు నా వీడియో చేసిపెడతాయా? ప్రాసెసర్‌కి కరెంటు అందించే భాగాల మీద, వేడిని లాగే దిమ్మలు సరైనవి ఉన్నాయో లేదో చూడు. నీ బోర్డుకి ఉన్నవి అలంకారానికి!"

సోఫాలోంచి మామగారు దగ్గారు. "ఒక్క మాట చెప్పనా ఇంజనీరమ్మా? మీరు నీళ్లతో మధ్యలో ఉన్న ఆ ప్రాసెసర్‌ని చల్లబరిచారు, బాగానే ఉంది. దాని పక్కన వరుసగా దిమ్మలున్నాయే, అక్కడ వేలు పెడితే చురుక్కుమనేది. అటు గాలే తగలదు. ఫ్యానున్న కూలర్ పెడితే రెంటికీ గాలి తగిలేది."

'వేళ్లు కూడా పెట్టారన్నమాట!' అని ఆమెకు ఒళ్లు జలదరించింది. ఆయన చెప్పింది అక్షరాలా నిజమని తెలిసి ఇంకా ఒళ్లు మండింది.

"నీళ్లదే పెడదాంలే. ఈసారి నాన్న ఉండడుగా, భయం లేదు" అని భర్త నవ్వాడు.

ఆ నవ్వు ఆమెకు నచ్చలేదు. కానీ కోపం మాత్రం అలవాటు చొప్పున ముసలాయన మీదికే మళ్లింది. "అసలు మీరు ఏ మూత తీసి పోశారు మామయ్యా? చూపించండి, కొత్తదానికి అక్కడ తాళం వేయిస్తాను."

మామగారు కళ్లజోడు పెట్టుకుని వచ్చి వంగారు. పేపరు మీది సరంజామాలోంచి కూలెంట్ నింపే తొట్టిని తీసి, అటూ ఇటూ తిప్పి చూసి, అడుగున ఉన్న మర మీద వేలు పెట్టారు. "ఇదే అనుకుంటానమ్మా."

అది నీళ్లు బయటికి వదిలే మర. దాన్ని విప్పితే ఉన్నదంతా నేల మీద పడుతుంది తప్ప లోపలికి ఒక్క చుక్క కూడా వెళ్లదు. ముప్పై ఏళ్లు బాయిలర్‌కి నీళ్లు పెట్టిన మనిషి అడుగునుంచి పోస్తాడా? కోడలు భర్త వైపు తిరిగింది. అతని చెవులు ఎర్రబడ్డాయి.

"నువ్వే పోశావు కదూ?"

"కూలెంట్ చాల్లేదు. ఒక్క గ్లాసుడే… మళ్లీ తెచ్చి మారుద్దామనుకున్నాను, మర్చిపోయాను. నువ్వు తిడతావని…"

"తిడతానని కన్నతండ్రి మీదికి తోసేశావా? నాలుగు రోజులుగా ఆయన్ని నేను నానా మాటలూ అంటుంటే, పక్కన కూర్చుని వింటూ భోంచేశావు! ఆయన పెట్టె కూడా నువ్వే సర్దావు! ఛీ! ఆ నాచు చూస్తే వచ్చిన డోకు నిన్ను చూస్తే వస్తోంది."

ఆమె మామగారి వైపు తిరిగింది. "మీకు తెలుసా?"

"గ్లాసు పట్టుకెళుతుంటే చూశాను."

"మరి చెప్పరేం?"

ఆయన మెల్లగా అన్నారు: "చెబితే వాడి మీద నీకు మనసు విరిగిపోతుందమ్మా. నా సంగతంటావా, నేనంటే నీకు ఎలాగూ అసహ్యమే. దానికి ఇంకో గ్లాసుడు కలిస్తే ఏం తేడా అనుకున్నాను."

బుధవారం దాకా కోడలు ఏ రోజూ ఒక్క మాటైనా పైకి అనకుండా కడుపులోనే దాచుకున్నాననుకుంది. చున్నీ ముక్కుకి అడ్డం పెట్టుకున్న ప్రతిసారీ ఆయన చూశారన్నమాట. భర్త ఒక్క అబద్ధం ఆడితే తను ఎందుకు ఇట్టే నమ్మింది? నమ్మడానికి సిద్ధంగా కూర్చుంది కాబట్టి. ఇన్నేళ్లలో మొదటిసారి తన మీద తనకే రోత పుట్టింది. కళ్లు తుడుచుకుందామంటే నీళ్లు ఆగడం లేదు.

కింద కారు హారన్ మోగింది.

"వెళ్లు. వెళ్లి మీ అక్కకి జరిగింది జరిగినట్టు చెప్పు. నువ్వే, నీ నోటితోనే. నాన్న రావడం లేదని కూడా చెప్పు" అంది.

అతను చెప్పులు వేసుకుని మెట్లు దిగాడు. కాసేపటికి ఆడపడుచు గొంతు పైకి లేచింది. "సిగ్గు లేదట్రా నీకు? నీ మాట నమ్మి నాన్నని నేను కూడా తిట్టాను కదరా!"

మామగారు కంగారుగా లేచారు. "అయ్యో, అది ఊరుకునే మనిషి కాదమ్మా. వీధిలో అందరి ముందూ వాణ్ణి కడిగేస్తుంది. నేను వెళ్లి సర్దిచెబుతాను."

కోడలు ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుని మళ్లీ సోఫాలో కూర్చోబెట్టి, తను కూడా పక్కనే కూర్చుంది.

"మీరు కదలకండి మామయ్యా. పడనివ్వండి."