కన్ను మూస్తే నలుపు

మధ్యాహ్నం కచేరీ సగంలో ఉండగా ముందు వరసలో ఒకావిడ నోరు తెరుచుకుని నిద్రపోవడం తరళ కంటబడింది.

తరళ 'కాటుక' అనే బ్లాక్ మెటల్ బృందంలో గాయని. ఆమె రాగాలు తీయదు, గొంతు చీల్చుకుని అరుస్తుంది. ఆ అరుపుకి జనం జడుసుకోవాలి. అలాంటిది విశాఖ చేపలరేవు పక్కన పాత ఐసు గోదాములో, డ్రమ్ములు వడగళ్లలా కురుస్తుంటే, నర్సు బట్టల్లో ఉన్న ఆ మనిషి హాయిగా నిద్రపోతోంది. చుట్టూ చూస్తే సగం గోదాము నిద్రలోనే ఉంది.

పాట అవగానే తరళ గిటారు వాయించే సాల్మన్ మీద విరుచుకుపడింది. "అంతా నీ సుడుల వాయింపు వల్లే! జోలపాట చేసిపెట్టావు."

పూర్వం సైకెడెలిక్ సంగీతకారులు వాయించినట్టు, ఒకే స్వరాన్ని ప్రతిధ్వని మీద ప్రతిధ్వనిగా తిప్పడం సాల్మన్‌కి కొత్తగా పట్టుకున్న పిచ్చి. "వాళ్ళు మత్తులో చూసిన రంగుల్ని ఉత్త తీగల మీద చూపిద్దామనుకున్నాను," అన్నాడు నొచ్చుకుంటూ.

"రంగులెవరిక్కావాలి ఇప్పుడు? ఊరంతా అవేగా!"

నిజమే. నుదుటికి కట్టుకునే వర్ణపట్టీ వచ్చాక ప్రతి శబ్దమూ కంటికి కనబడుతోంది. కుక్కరు కూత పసుపు పువ్వై విచ్చుకుంటుంది. ఆటో హారను ఎర్రటి చారై సాగుతుంది. మొదట్లో జనం మురిసిపోయారు. ఏళ్ళ తరబడి వాడాక, పట్టీ తీసేసినా మెదడు రంగులల్లడం మానలేదు. రెప్పలు మూసినా, చిన్న చప్పుడైతే చాలు, లోపల జాతరే. మందుబిళ్ళలు మింగినా నిద్ర రావడం లేదు.

ఇంతలో ఆ నర్సు, వరహాలమ్మ, ముడి సర్దుకుంటూ వేదిక దగ్గరికొచ్చింది.

"ఆపీసారేటమ్మా? మెలకువొచ్చీసింది."

తరళ ముఖం ముడుచుకుంది. "మీకు పాట నచ్చలేదేమో."

"నచ్చకపోడవేటి! ఆ గిటారు సుడిలో రంగులన్నీ కలిసిపోతన్నాయి. దానిమీద నీ అరుపు పడీసరికి ఒకటే నలుపు. ఎన్నేళ్ళయిందో తల్లీ, కన్ను మూస్తే చీకటి కనబడి!"

అంత దట్టమైన మోతని విడదీసి రంగులద్దడం మెదడుకి చేతకావడం లేదని సాల్మన్‌కి అప్పుడు అర్థమైంది.

"మరి నా అరుపుకి భయం వెయ్యలేదా?" అంది తరళ.

"భయవేటి? వార్డులో నొప్పులకి రోగులు అరుస్తంటారు. నేను మాత్తరం నవ్వుతా తిరగాలి. నువ్వరుస్తంటే నా బదులు అరిసినట్టుంది. సాయంత్రం మళ్ళీ డ్యూటీకెళ్ళాలి, ఇంకొక్కటి పాడవా?"

తరళ వేదిక దిగి, తన నల్ల తోలు కోటు విప్పి, మడతపెట్టి, ముందు వరసలో మళ్ళీ నడుం వాల్చిన వరహాలమ్మ తల కింద ఉంచింది. వేదికెక్కి సాల్మన్ వైపు చూసి, "ఈసారి ఇంకా పొడుగ్గా తిప్పు," అంది.

గిటారు సుడి తిరగడం మొదలెట్టింది. డ్రమ్ములు కురిశాయి. తరళ నాభి నుంచి ఊపిరి తీసుకుని, బతుకులో ఎన్నడూ అరవనంత గట్టిగా అరిచింది.

గోదాములో ఒక్కరూ కదల్లేదు.