రైజింగ్ స్టార్స్‌కు చప్పట్లు

"మన క్లబ్బు ప్రెసిడెంటుకు ఫుట్‌బాలు గుండ్రంగా ఉంటాదని అయినా తెలుసా? ఎవురన్నా పోయి చెప్పండప్పా!"

గంగాధరం అరిచిన అరుపుకు గ్రౌండు అవతల మేస్తున్న మేకలు కూడా తలెత్తి చూశాయి. పుంగనూరు స్కూల్లో లెక్కలు చెప్పే మాస్టరు అతను. చివరి బెంచీ దాకా వినిపించేలా అలవాటైన గొంతు. ఆదివారాలు మాత్రం ఆ గొంతు మొత్తం మదనపల్లె రైజింగ్ స్టార్స్ ఫుట్‌బాల్ క్లబ్బుకే.

అది 1982. స్టార్స్ ఆ ఏడాది ఒక్క మ్యాచీ కూడా గెలవలేదు. ఆ రోజు పలమనేరు వాళ్లు నాలుగో గోలు కొట్టినప్పుడు స్టార్స్ గోల్‌కీపరు మునిరత్నం బాలు రాని వైపుకు దూకాడు. దూకాడనడం కన్నా తప్పుకున్నాడనడమే న్యాయం.

"రైజింగ్ స్టార్స్ కాదురా, సెట్టింగ్ స్టార్స్!" అన్నాడు గంగాధరం, పక్కనున్న స్నేహితుడు రెడ్డెప్ప భుజం చరిచి.

"కొంచెం కూర్చుంటారా? మీరు అరస్తాండారు, సరే. మాకు గ్రౌండు కనపడాల కదా."

వెనక్కి తిరిగాడు. నీలం ఓణీ, చేతిలో మడిచిన గొడుగు, కోపంగా చూడాలని ప్రయత్నిస్తూ కుదరక అవస్థ పడుతున్న రెండు కళ్లు.

"చూసేదానికి ఏముండాదండీ ఆడ? ఆ గోపాలస్వామికి పట్టుచీరలు అమ్మేదానికి తెలుసు గానీ టీము నడిపేదానికి తెలుసా? ఆయప్పను పట్టుకొని..."

"ఆయప్ప మా నాయన."

రెడ్డెప్ప చప్పుడు చేయకుండా పక్కకు జరిగి, గంగాధరం ఎవరో తనకు తెలియనట్టు ఆకాశంలోకి చూడటం మొదలుపెట్టాడు.

"అంటే... చీరలు మాత్రం శానా బాగుంటాయండీ," అన్నాడు గంగాధరం.

"తిట్టేది తిట్టండి. అయితే సరిగ్గా తిట్టండి. మా నాయనకు ఫుట్‌బాలు తెలీక కాదు. ఎవురి మాటా వినడు. అదీ రోగం!"

పలమనేరు వాళ్లు కొట్టిన ఐదో గోలును గంగాధరం చూడనే లేదు.

ఆ పై శనివారం సాయంత్రం మదనపల్లె లైబ్రరీలో ఇంగ్లీషు పేపరు కోసం చెయ్యి చాపితే, అవతలి అంచును అప్పటికే ఇంకో చెయ్యి పట్టుకుని ఉంది. గాజులు ముందు గుర్తుపట్టాడు, మనిషిని తరువాత.

"స్పోర్ట్స్ పేజీ నాకు కావాల," అన్నాడు మెల్లగా.

"ఆదివారం మాదిరి గట్టిగా అడగండి. ఇస్తా."

"నా పేరు గంగాధరం."

"తెలుసు సార్. గ్రౌండులో ఉండే మేకలకు కూడా తెలుసు. నా పేరు ఆదిలక్ష్మి. బీఎస్సీ ఫైనలియర్."

పేపరు విడదీసి చెరో పేజీ తీసుకున్నారు. చదివింది తక్కువ.

"బాలు యాడ ఉండాదో తెలుసా మీకు?" అంది ఆమె. "మా అంగట్లో, బీరువాలో. తాళంచెవి మా నాయన మొలతాడుకు ఉంటాది. ఆయన బెంగళూరుకు పోతే తాళంచెవి కూడా పోతాది. ఇంక ప్రాక్టీసు యాడిది?"

"మరి బాలప్పను యాల తీసేసినారు? ఈ జిల్లాలో అట్లాంటి గోల్‌కీపరు లేడు కదా!"

"పాపం, ఆయప్ప ఇదే అడిగినాడు. బాలు లేకుండా ఎట్ల ఆడాల అని మీటింగులో నిలబడి అడిగినాడు. పై వారానికంతా మా మేనత్త కొడుకు మునిరత్నం గోల్‌కీపరు అయిపోయినాడు."

"మీ బావా?"

"బావే." ఆమె పేజీ తిప్పింది. "నన్ను కూడా ఆయనకే ఇయ్యాలని మా నాయన అనుకుంటాండాడు."

"అదేం అన్యాయం!"

"సైలెన్స్!" లైబ్రేరియన్ రుక్మిణమ్మ స్కేలుతో బల్ల మీద కొట్టింది.

ఆదిలక్ష్మి ఓణీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. అంతలోనే ఆ నవ్వు ఆగిపోయి కళ్లు పెద్దవయ్యాయి.

"సార్... గ్రౌండులో ఎవురూ అరవకుండా ఉంటే?"

"అంటే?"

"మా నాయనకు తిట్లు అలవాటే. తిట్టేకొద్దీ మొండికేస్తాడు. కానీ ఆయనకు చప్పట్లంటే ప్రాణం. గ్రౌండు నిండా జనముండి, తిట్టక, చప్పట్లూ కొట్టక ఊరికే కూర్చుంటే తట్టుకోలేడు."

"నేను కూడా అరవకుండా ఉండాల్నా?"

"కష్టమే. ప్రాక్టీసు చేయండి."

ఆ ప్రాక్టీసు వరుసగా శనివారాలు లైబ్రరీలోనే జరిగింది. స్పోర్ట్స్ పేజీ అయిపోయాక సినిమా పేజీ, అదీ అయిపోయాక వాతావరణం. ఒకసారైతే టెండరు ప్రకటనలు కూడా ఇద్దరూ శ్రద్ధగా చదివారు.

పుంగనూరులో తరువాతి మ్యాచీ. మదనపల్లె నుంచి వచ్చిన అభిమానులంతా గంగాధరం చెప్పినట్టే నోరు మెదపకుండా కూర్చున్నారు. స్టార్స్ ఫార్వర్డు ఒకడు మంచి షాట్ కొట్టి, అలవాటుగా జనం వైపు చేతులెత్తాడు. ఎక్కడా ఉలుకూ పలుకూ లేదు. చేతులు దించుకున్నాడు పాపం. మునిరత్నం గోలు వదిలేశాడు. అప్పుడూ అంతే. గంగాధరం చేతిరుమాలు నోట్లో కుక్కుకున్నాడు.

షామియానా కింద కుర్చీలో కూర్చున్న గోపాలస్వామి మొదట గర్వంగా మీసం సవరించుకున్నాడు. తరువాత అటూ ఇటూ చూశాడు. ఇంటర్వెల్‌లో ఉండబట్టలేక లేచి వచ్చాడు.

"ఏమప్పా, అందరికీ గొంతు పట్టుకొనిందా? టీము ఆడతాండాది, కనపడలేదా?"

ఎవరూ మాట్లాడలేదు. ఆయన ముఖం చిన్నబోయింది. అప్పుడే వాన మొదలైంది. జనం చెట్ల కిందికి పరుగెత్తారు. ఆదిలక్ష్మి గొడుగు విప్పి, గంగాధరం దగ్గరికి వచ్చి ఆగింది.

"సగం తడిసిపోతాండారు."

"మిగతా సగం శానా బాగుండాది," అన్నాడు.

ఆమె ఏదో అనబోయింది. అదే సమయంలో పక్క చెట్టు కింద రెడ్డెప్ప ఆనందం పట్టలేక అందరికీ చెబుతున్నాడు: "మన మాస్టరు మామూలోడు కాదప్పా! ప్రెసిడెంటు కూతుర్నే మన పక్కకు తిప్పినాడు. ఇంక క్లబ్బు మనదే!"

గోపాలస్వామి విన్నాడు. ఆదిలక్ష్మి కూడా విన్నది.

"స్పోర్ట్స్ పేజీ ఇందుకేనా సార్?" అంది. 

"అయ్యో, కాదు! వాడేదో..."

ఆమె గొడుగు తీసుకుని తండ్రి వైపు నడిచింది. గంగాధరం రెండు సగాలూ తడిసి నిలబడ్డాడు.

మరునాడు సాయంత్రం అతను గోపాలస్వామి ఇంటికి వెళ్లాడు. లోపలికి రమ్మన్నారు గానీ కూర్చోమనలేదు. గడప పక్కన ఆదిలక్ష్మి నిలబడి ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"నీకు కావాల్సింది ఏంది? క్లబ్బే కదా?" అన్నాడు గోపాలస్వామి. "సరే. బాలప్పను తీసుకుంటా. బీరువా తాళంచెవి కూడా ఇచ్చేస్తా. దానికి బదులు నువ్వు మా ఆదిలక్ష్మి కంటికి ఇంక కనపడకూడదు. ఒప్పుకుంటావా?"

గంగాధరం ఒక్క క్షణం కళ్లు మూసుకున్నాడు. చిన్నప్పటి నుంచీ చూస్తున్న క్లబ్బు. వెలిసిపోయిన ఎర్ర బనియన్లు. వాన రోజుల్లో కూడా బాలు కోసం బురదలో దొర్లే బాలప్ప. అడిగిందంతా చేతికి వస్తోంది.

"ఒప్పుకోను సార్."

"క్లబ్బు నాశనమైపోతాదే?"

"బాలప్పను ఆడించేది న్యాయమని ఆడించండి. నాకోసరం వద్దు. మీ బిడ్డను తెచ్చి ఈ బేరంలో యాల పెడతారు? రెడ్డెప్ప కూసిన కూత తప్పు. వాడి తరఫున నేను క్షమాపణ అడగతాండాను. నేను మొదటి రోజు ఆమెను చూసినప్పుడు ఎవురి బిడ్డో కూడా నాకు తెలీదు." గొంతు తగ్గించి అన్నాడు, "ఆమెంటే నాకు ఇష్టం. ఆమె వద్దంటే మీరు చెప్పకుండానే ఈ వీధికి రాను."

ఆదిలక్ష్మి విసురుగా లోపలికి వెళ్లిపోయింది. గంగాధరం నమస్కారం పెట్టి బయటికి వచ్చాడు.

సంగతి విన్న రెడ్డెప్ప తల పట్టుకున్నాడు. "తాళంచెవి ఇస్తానంటే వదిలేసి వస్తావా! నీకేమన్నా మతి పోయిందా?"

"పోయింది," అన్నాడు గంగాధరం. "కుప్పం మ్యాచీకి అందరూ రావాల. అట్లే నోరు మూసుకొని కూర్చోవాల. అంతే."

ఆ శనివారం లైబ్రరీలో స్పోర్ట్స్ పేజీ అతని ఒక్కడికే దొరికింది. చదవబుద్ధి కాలేదు.

కుప్పం జట్టంటే మామూలు జట్టు కాదు. కేజీఎఫ్ నుంచి రైల్లో వచ్చి ఆడేవాళ్లు నలుగురైదుగురు ఉంటారు. వాళ్లు కొడితే బాలు ఈల వేసుకుంటూ వస్తుంది. మొదటి సగంలోనే రెండు గోల్సు పడ్డాయి. మదనపల్లె జనం లారీలో అంత దూరం వచ్చి రాళ్లలా కూర్చున్నారు. బాలప్ప వాళ్ల మధ్యే లుంగీ కట్టుకుని కూర్చుని, బాలు వచ్చిన ప్రతిసారీ తెలియకుండానే చేతులు చాపుతున్నాడు.

గోపాలస్వామి ఆదిలక్ష్మితో కలిసి కారులో వచ్చాడు. ఆమె గంగాధరం వైపు చూడలేదు. చూడలేదని అతనికి ఎలా తెలుసంటే, అతను ఆమె వైపు తప్ప ఇంకెటూ చూడలేదు కాబట్టి.

ఇంటర్వెల్ విజిల్ పడగానే మునిరత్నం నేరుగా మేనమామ దగ్గరికి వచ్చి గ్లవుజులు తీసి ఆయన ఒళ్లో పెట్టాడు.

"మామా, నాతో కాదు. బాలు వస్తే నాకు భయం."

"ఏందిరా ఇది, అందరి ముందర..."

"ఇంకో మాట కూడా ఇప్పుడే చెప్పేస్తా. మళ్లా ధైర్యం ఉంటాదో లేదో. ఆదిలక్ష్మి వస్తే ఇంకా భయం. చిన్నప్పటి నుంచి నన్ను కొడతానే ఉండాది. నేను పెండ్లి చేసుకోలేను మామా. బెంగళూరుకు పోయి ఫోటో స్టూడియో పెట్టుకుంటా. నన్ను వదిలేయండి."

ఆదిలక్ష్మి ఫక్కుమని నవ్వేసింది. గోపాలస్వామి మేనల్లుడిని చూశాడు, కూతుర్ని చూశాడు. మెల్లగా తల తిప్పి తన ఊరి జనాన్ని చూశాడు. ఇంత దూరం వచ్చి, వెళ్లిపోకుండా, ఒక్క మాట కూడా అనకుండా కూర్చున్న జనం.

ఆయన లేచాడు. గ్లవుజులు పట్టుకుని గ్రౌండు అంచున నడుచుకుంటూ వచ్చి బాలప్ప ముందు నిలబడ్డాడు.

"బాలు లేకుండా ఎట్ల ఆడాల అని అడిగినావు కదప్పా. నువ్వు అడిగింది సరే. తప్పు నాది. పోయి ఆడు."

బాలప్ప లుంగీ విప్పాడు. కింద ఆట నిక్కరు వేసుకునే వచ్చాడు!

రెండో సగం మొదలైన కాసేపటికే కేజీఎఫ్ కుర్రాడొకడు దూరం నుంచి బలంగా కొట్టాడు. బాలు ఈల వేసుకుంటూ మూలకు వెళుతోంది. బాలప్ప గాలిలో అడ్డంగా లేచి వేళ్ల కొసలతో దాన్ని బయటికి తోసేశాడు.



"శభాష్ బాలప్పా!"

ఆ మొదటి కేక ఆదిలక్ష్మిది. ఆడపిల్ల అంత గట్టిగా అరవడం కుప్పం గ్రౌండు అంతకుముందు వినలేదు. దాని వెనకే గంగాధరం గొంతు. ఆపైన ఇక ఎవరి గొంతు ఎవరిదో తెలియలేదు. వారాల తరబడి దాచుకున్న కేకలన్నీ ఒక్కసారిగా బయటికి వచ్చాయి. ఆ ఊపులో స్టార్స్ ఒక గోలు కొట్టారు. ఇంకోటి పోస్టుకు తగిలి పోయింది.

ఒకటికి రెండు గోల్సుతో ఓడిపోయారు. అయినా జనం గ్రౌండులోకి దూకి బాలప్పను భుజాల మీదికి ఎత్తుకున్నారు.

"ఓడిపోయినోళ్లు యాల ఎగరతాండారు?" అని కుప్పం వాళ్లు తలలు గోక్కున్నారు.

తిరుగు ప్రయాణంలో లారీ, కారు రెండూ పుంగనూరు బస్టాండు దగ్గర టీ కోసం ఆగాయి. చినుకులు పడుతున్నాయి. హోటలు చూరు కింద ఆదిలక్ష్మి వచ్చి గంగాధరం పక్కన నిలబడింది.

"ఆ రోజు మీరు ఆ బేరానికి ఒప్పుకొని ఉంటే నేను ఏమి చేసి ఉందునో తెలుసా?"

"నువ్వు ఏమి చేసి ఉందువు?" ఆ 'నువ్వు' ఎప్పుడు వచ్చిందో ఇద్దరూ గమనించలేదు.

"జన్మలో మొగం చూసేదాన్ని కాదు."

"ఒప్పుకోలేదు కదా. మరి ఆ దినం యాల విసురుగా లోపలికి పోతివి? నా ప్రాణం పోయింది."

"ఏడుపు వస్తాండాది, పోకుండా ఏం చేయాల? నాయన ముందర, మీ ముందర ఏడవాల్నా?" వాన వైపు చూస్తూ మెల్లగా అంది, "నాకూ ఇష్టమే. మీరు గట్టిగా అరవద్దండి ఇప్పుడు."

గంగాధరం అరవలేదు. జేబులోంచి చేతిరుమాలు తీసి నోట్లో కుక్కుకున్నాడు.

గోపాలస్వామి టీ గ్లాసు పట్టుకుని వచ్చాడు. ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"వచ్చే ఆదివారం మా ఇంట్లో క్లబ్బు మీటింగు. కొత్త కమిటీ పెడతాండాను. బాలప్ప ఉంటాడు, టీములోవాళ్లు ఇద్దరు ఉంటారు, చూసేవాళ్ల తరఫున నువ్వు ఉండాల. ఇంక తాళంచెవి మీ దగ్గరే."

"శానా సంతోషం సార్. ఎన్ని గంటలకు రావాల?"

"మీటింగు సాయంత్రం. నువ్వు మాత్రం పొద్దున్నే రా. వచ్చేటప్పుడు మీ అమ్మను పిలుచుకొని రా." ఆయన టీ ఊదుకుంటూ వాన వైపు తిరిగాడు. "ఆడవాళ్లు ఆడవాళ్లు మాట్లాడుకోవాల్సినవి ఉంటాయి కదా."

ఆదిలక్ష్మి తల వంచుకుంది. రెడ్డెప్ప గంగాధరం నడుం మీద పొడిచాడు.

"అట్లే... వస్తాం మామా!"

అన్న తరువాత గానీ ఏమన్నాడో గంగాధరానికి తెలియలేదు. హోటలంతా ఒక్కసారి గొల్లుమంది. గోపాలస్వామి వెనక్కి తిరిగి అతన్ని పై నుంచి కింది దాకా చూశాడు.

"అప్పుడేనా?" అన్నాడు. అని, లోపలికి కేకేశాడు: "ఏమప్పా, మా అల్లునికి ఇంకో టీ ఇయ్యి!"