చెత్తబండిలో మామ్మ కళ్ళద్దాలు

"అమ్మా, ఇంక ఎల్లనా?" త్రిపుర మూడోసారి అడిగింది.

బయట వీధిలో తొక్కుడుబిళ్ళ గళ్ళు గీసేశారు. స్నేహితురాళ్ళిద్దరు గోడ మీంచి తలలెత్తి, రమ్మని చేతులూపుతున్నారు. పరీక్షలు అయిపోయి నాలుగు రోజులే అయింది. ఇంట్లో ఒక్క నిమిషం కూడా కాలు నిలవడం లేదు త్రిపురకి.

"వసారాలో ఆ మునగాకు తుక్కు కుండీలో పడేసి ఎల్లు. బండొచ్చే ఏళయింది," అంది వాళ్ళమ్మ హైమవతి, పొయ్యి దగ్గర్నుంచి తల తిప్పకుండానే.

వసారాలో పేపరు పరిచి ఉంది. మామ్మ జోగమ్మ పొద్దున్నుంచీ దాని మీదే మునగాకు దూసింది. ఆకంతా చేటలోకి ఎత్తి, చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళింది. పేపరు మీద ఈనెలూ పుల్లలూ కుప్పగా మిగిలాయి.

త్రిపుర ఆ కుప్ప వైపు సరిగ్గా చూడనైనా లేదు. పేపరు నాలుగు మూలలూ కలిపి, గట్టిగా మెలితిప్పి పొట్లం చేసింది. ఒక్క పరుగున వీధిలో పడింది.

ఇది అరవై రెండో అరవై మూడో, ఆ ప్రాంతాల మాట. అప్పట్లో బెంగాల్లోని ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో చెత్తంటే ఇప్పటిలా ఉండేది కాదు. ప్లాస్టిక్ సంచి ఎలా ఉంటుందో ఎవరూ చూడలేదు. పాత కాగితాలు, సీసాలు కొనుక్కునేవాడికి పోయేవి. గంజి, మెతుకులు ఆవులు తాగేసేవి. మిగిలేదల్లా పొయ్యిలో బొగ్గు బూడిద, తొక్కలు, చేపల పొలుసులు, పగిలిన మట్టి ముంతలు. అవన్నీ వీధి చివరి సిమెంటు కుండీలో వేసేవారు. రోజూ ఒంటెద్దు బండి వచ్చి ఎత్తుకుపోయేది.

ఎండ, వాన, పండగ, ఏదైనా సరే, ఆ బండి మాత్రం తప్పేది కాదు. అది వెళ్ళిపోయాక కుండీ చుట్టూ ఒక్క తొక్క కూడా కనిపించేది కాదు. వాళ్ళుండే ఓల్డ్ సెటిల్‌మెంట్ వీధులన్నీ అంత శుభ్రంగా ఉండేవంటే అది ఆ బండి చలవే. కానీ ఆ సంగతి ఎవరూ తలుచుకునేవారు కాదు.

త్రిపుర వెళ్ళేసరికి బండి కుండీ దగ్గరే ఉంది. తలకి గుడ్డ చుట్టుకున్న ఒక ముసలాయన పారతో చెత్త తీసి తట్టలోకి ఎత్తుతున్నాడు. పిల్లలందరూ ఆయన్ని బండి తాత అనేవాళ్ళు.

త్రిపుర పది అడుగుల దూరంలోనే ఆగిపోయింది. ఒక చేత్తో ముక్కు మూసుకుంది. రెండో చేత్తో పొట్లం విసిరేసింది. అది బండి తాత భుజానికి తగిలి తట్టలో పడింది. రెండు ఈనెలు జారి ఆయన తలగుడ్డలో ఇరుక్కున్నాయి.

"పాపా, కాస్త దగ్గరికొచ్చి ఎయ్యమ్మా," అన్నాడాయన.

అప్పటికే త్రిపుర తొక్కుడుబిళ్ళ దగ్గరికి పరిగెత్తేసింది. వెనక్కి తిరిగి చూడలేదు.

ఆటయ్యాక దాహమేసి ఇంటికొచ్చింది. వసారాలో మామ్మ నేలంతా చేతులతో తడుముతోంది.

"ఏటి మామ్మా, ఎతుకుతన్నావు?"

"నా కళ్ళద్దాలే. కంట్లోంచి నీరు కారతంటే తీసి తుడుసుకున్నాను. పేపరు మీదే ఎట్టినట్టు గేపకం. పేపరే కనపడ్డం నేదు!"

తను విసిరేసిన పొట్లం గుర్తొచ్చింది త్రిపురకి.

అవి మామూలు కళ్ళద్దాలు కావు. ఆరు నెలల కింద మామ్మకి రైల్వే ఆసుపత్రిలో కంటి ఆపరేషన్ అయింది. ఆ తర్వాత కలకత్తా నుంచి ఈ అద్దాలు రావడానికి రెండు నెలలు పట్టింది. సీసా అడుగంత మందంగా ఉంటాయవి. అవి లేకపోతే మామ్మకి మనుషులు నీడల్లా కనిపిస్తారు.

మామ్మ గోడ పట్టుకుని లేచింది. తడుముకుంటూ వంటింట్లోకి నడిచింది. గుమ్మం పక్కన దించిన వేడి గిన్నెకి చెయ్యి తగిలింది.

"ఒలమ్మో!" అని చెయ్యి వెనక్కి లాక్కుంది.

హైమవతి పరిగెత్తుకొచ్చి ఆమె చేతి మీద చన్నీళ్ళు పోసింది. త్రిపురని ఎవరూ ఏమీ అడగలేదు. అడగకపోయేసరికి ఇంకా భయమేసింది. గుమ్మం దాటి పరుగందుకుంది.

కుండీ ఖాళీగా ఉంది. బండి లేదు. కానీ బండి సందుల్లోంచి రాలిన బూడిద రోడ్డు మీద సన్నటి గీతలా పడింది. త్రిపుర ఆ గీత వెంటే వెళ్ళింది. ఒక వీధి, ఇంకో వీధి, గార్డుల క్వార్టర్లు, టీ కొట్లు దాటింది. సాలువా వైపు వెళ్ళే రోడ్డు మొదట్లో నీళ్ళ కొళాయి ఉంది. అక్కడ బండి ఆగి ఉంది. ఎద్దు గడ్డి మేస్తోంది. బండి తాత కాళ్ళూ చేతులూ కడుక్కుని, అప్పుడే అన్నం గిన్నె మూత తీశాడు.

త్రిపుర ఆయన ఎదురుగా నిలబడింది.

ఆయన తలెత్తి చూశాడు. "మునగాకు పాపవి కాదేటి? ఏటమ్మా, ఇంత దూరం వొచ్చేసినావు?"

త్రిపుర చెవులు వేడెక్కాయి. "తాతా, ఆ పొట్లంలో మా మామ్మ కళ్ళద్దాలు ఉండిపోనాయి. సూసుకోకుండా నానే సుట్టేసినాను. మామ్మకి ఏటీ కనపడ్డం నేదు. సెయ్యి కాలిపోనాది." చెబుతూ చెబుతూ ఏడ్చేసింది.

బండి తాత గిన్నె మూత మళ్ళీ పెట్టేశాడు.

"ఏడవకు. ఆ పేపరు ఏ బాసది? బెంగాలీదా, ఇంగిలీసుదా, మనదా?"

"మనదే. మా నాన్నకి మెయిలు రైల్లో వస్తాది."

"అలాగైతే దొరుకుతాది. నాకు సదువు రాదు గానీ, గుండ్రంగా ఉండీవి మన అచ్చరాలని తెలుసు."

బండి అంచు దాకా నిండి ఉంది. త్రిపురకి ఒక ఉపాయం తోచింది. "బండి ఎత్తి మొత్తం పారబోసేస్తే బేగి అయిపోద్ది కదా తాతా?"

"అయిపోద్ది. అద్దాలు కూడా అయిపోతాయి."

ఆయన పార వాడలేదు. చేతులతోనే కొంచెం కొంచెం తీసి, తట్టల్లోకెత్తి, రోడ్డు పక్కన కుప్పలుగా పోయడం మొదలుపెట్టాడు. త్రిపుర కళ్ళప్పగించి చూసింది. ఆమెకి అదంతా ఒక్కటే చెత్త. ఆయనకి మాత్రం ఇంటింటి కబురూ అందులో కనిపిస్తోంది.

"ఇవి టీ కొట్టు ముంతలు. ఇయ్యాల కొత్త కుమ్మరి దగ్గర కొన్నట్టున్నాడు, మట్టి ఏరేగా ఉంది. ఇవి చేపల పొలుసులు, గార్డుల క్వార్టర్లయి. వోలింట్లో ఎవలో సుట్టాలొచ్చినారు, పెద్ద చేప తెచ్చినారు. మీ వీది ఇంకా కింద ఉంటాది."

ఆయన మోచేతుల దాకా బూడిదైంది. ఎండ నెత్తి మీదికి వచ్చింది. ఎద్దు తల తిప్పి, ఇంకా ఎంతసేపన్నట్టు చూసింది. ఆయన ఎక్కడా విసుక్కోలేదు. ఒక్క గుప్పెడు కూడా గబగబా తీయలేదు.

"ఇదిగో, బత్తాయి తొక్కలు. మీ పక్కింటి సుజాతమ్మగారి బాబుకి జొరం కదా? మూడు దినాలై ఇయ్యే వస్తన్నాయి. అంటే మీ వీదిలోకి వొచ్చేసినాం."

త్రిపుర సంబరంగా చెయ్యి చాపింది.

"ఆగు! సెయ్యెట్టకు!" ఆయన గట్టిగా అరిచాడు. ఆ తర్వాత గొంతు తగ్గించి తన అరచేతులు చూపించాడు. వాటి నిండా గాట్లు. కొన్ని పాతవి, తెల్లగా ఉన్నాయి. ఒకటి ఇంకా ఎర్రగా ఉంది.

"లాంతరు సిమ్నీలు, మందు సీసాలు. పగిలిపోతే బూడిదలో ఏసేస్తారు. బూడిదలో గాజు కనపడదమ్మా. గుచ్చుకున్నాకే తెలుస్తాది."

"ఆ ఎర్రది ఎప్పుడు తగిలినాది తాతా?"

"పోయిన ఆరం."

పోయిన వారమే త్రిపుర లాంతరు చిమ్నీ పగలగొట్టింది. అమ్మ చూడకుండా పెంకులన్నీ బూడిద బకెట్లో కప్పెట్టేసింది. ఆ గాటు తన వల్లే పడిందో కాదో ఆమెకి తెలియదు. ఎప్పటికీ తెలియదు కూడా. తల వంచుకుని నిలబడింది.

"ఇదేనా?" అన్నాడు బండి తాత.

ఆయన చేతిలో నలిగిన పొట్లం ఉంది. దాని మీద గుండ్రటి తెలుగు అక్షరాలు. మెలిక మెల్లగా విప్పాడు. ఈనెల మధ్య మెత్తగా ఒదిగి, మామ్మ కళ్ళద్దాలు. ఒక కాడ కొంచెం వంగింది. అద్దాలు రెండూ బాగానే ఉన్నాయి.

ఆయన వాటిని కొళాయి కింద మూడుసార్లు కడిగాడు. తలగుడ్డ విప్పి, లోపలి శుభ్రమైన అంచుతో తుడిచాడు. వెలుతురుకి ఎత్తి, గీత పడిందేమోనని చూశాడు. అప్పుడు గానీ త్రిపుర చేతిలో పెట్టలేదు.

త్రిపుర రోడ్డు పక్కకి చూసింది. తొమ్మిది కుప్పలు. అవన్నీ మళ్ళీ బండికెత్తాలి. అన్నం గిన్నె అలాగే ఉంది.

"నానూ ఎత్తుతాను తాతా. ఆ పార ఇయ్యి."

"నువ్వు బేగి ఎల్లు. మీ మామ్మ సీకట్లో కూకునుంది."

త్రిపుర కళ్ళద్దాలు రెండు చేతులతో పట్టుకుని నడిచింది. ఈసారి పరిగెత్తలేదు. మలుపు దగ్గర వెనక్కి తిరిగి చూసింది. బండి తాత నడుం వంచి మొదటి కుప్ప ఎత్తుతున్నాడు.

మామ్మ అద్దాలు పెట్టుకోగానే ముందు మనవరాలి మొహమే చూసింది. "ఏటే, మొకమంతా ఆ బూడిదేటి?"

త్రిపుర అంతా చెప్పింది. విసిరేసిన సంగతి, చిమ్నీ సంగతి కూడా దాచలేదు. హైమవతి కోప్పడబోయింది గానీ మామ్మ చెయ్యెత్తి ఆపింది.

"అన్నం ఒగ్గేసి ఎతికినాడా?"

"ఊఁ."

"అతని పేరేటి?"

త్రిపుర తెల్లబోయింది. "తెలీదు మామ్మా. నీకు తెలుసా?"

మామ్మ అద్దాలు సర్దుకుంది. "నేదు. ఇన్నేళ్ళ బట్టీ వస్తన్నాడు. నానూ అడగనేదు," అంది నెమ్మదిగా.

మర్నాడు పొద్దున్నే త్రిపుర పక్కిళ్ళ తలుపులన్నీ తట్టింది. "పగిలిన గాజు ఉంటే నాకియ్యండి. బూడిదలో ఎయ్యకండి," అంది. సుజాతమ్మ పగిలిన మందు సీసా తెచ్చిచ్చింది. ఇంకొకరి ఇంట్లో గ్లాసు ముక్కలు దొరికాయి. త్రిపుర వాటిని నాలుగు మడతల పేపర్లో చుట్టింది. మామ్మ ఇచ్చిన పాత చీరలోంచి ఎర్ర పీలిక చింపి పైన ముడేసింది. కుండీ గట్టు మీద కనబడేలా పెట్టి, పక్కనే నిలబడింది.

బండి వచ్చింది. బండి తాత ఆ మూట చూసి ఆగాడు.

"ఏటిది పాపా?"

"గాజు పెంకులు తాతా. మీకు సదువు రాదన్నారు కదా, అందుకే ఎర్ర గుడ్డ కట్టినాను. రైలు సిగ్నల్లాగ ఎర్రది కనపడితే జాగ్రత్తని మన ఊర్లో అందరికీ తెలుసు."

బండి తాత పెద్దగా నవ్వాడు. మూటని ముడి దగ్గర పట్టుకుని ఎత్తి, బండి ముందు భాగంలో విడిగా పెట్టాడు.

"తాతా, మీ పేరేటి?"

ఆయన నవ్వు ఆగిపోయింది. ఆ వీధిలో ఆ మాట ఎవరూ అడగలేదేమో, తలగుడ్డ సర్దుకుని చెప్పాడు. "సూసన్న."

అవతల తొక్కుడుబిళ్ళ పిల్లలు త్రిపురని కేకేస్తున్నారు.

"వస్తన్నాను, ఆగండి!" అంది త్రిపుర. ఇంటి నుంచి తెచ్చిన బూడిద బకెట్టు రెండు చేతులా ఎత్తుకుంది.

"సూసన్న తాతా, తట్ట కాస్త ఇటు పట్టండి."

ఆయనకి దగ్గరగా వెళ్ళి, బకెట్టుని తట్ట లోపలి దాకా దించింది. బూడిద లేచి ఆయన మొహం మీద పడకుండా, కొంచెం కొంచెంగా ఒంపింది.