పెరట్లో షెడ్డు, పర్మిట్ లేదు

షెడ్డు మీద ఆఖరి రేకు కొడుతుంటే కింద నుంచి ఒక ఆడగొంతు, పర్మిట్ ఉందా అని అడిగింది. తొంగి చూశాను. తలమీద పసుపు హెల్మెట్, చేతిలో టేపు. మొహంలో ఏ కోశానా నవ్వు లేదు. మునిసిపల్ ఆఫీసు నుంచి వచ్చిన బిల్డింగ్ ఇన్‌స్పెక్టర్‌ట.

కిందికి దిగి, మా పెరట్లో మేం కట్టుకోవడానికి పర్మిట్ దేనికండీ అన్నాను, కాస్త గట్టిగానే.

"పెరడు మీదే. షెడ్డు మాత్రం పక్కింటి కంచెకి ఆనించి కట్టారు. రేపు నిప్పంటుకుంటే, అటు వెళ్లడానికి పర్మిట్ ఉందా అని నిప్పుని అడుగుతారా?"

సుత్తి కింద పెట్టేశాను.

అసలీ గొడవంతా నాన్న వల్ల వచ్చింది. రిటైరయ్యాక పాత సైకిళ్లు కొనుక్కొచ్చి బాగుచేయడం మొదలుపెట్టాడు. మా హాల్లో సోఫా కనబడి చాలాకాలమైంది. షెడ్డయినా కట్టండి, నన్ను మా అన్నయ్య ఇంటికైనా పంపండి అని అమ్మ తేల్చి చెప్పేసింది. దాంతో నేను సుత్తి పట్టాను. ఊపులో షెడ్డు ముందు చెక్కలతో ఎత్తుగా డెక్కు కూడా వేసేశాను. రూల్స్ మాత్రం చదివిన పాపాన పోలేదు.

ఇన్‌స్పెక్టర్ టేపు కొస నా చేతికిచ్చి కదలకుండా పట్టుకోమంది. రెండో కొసతో వెనక్కి నడుస్తూ, కొలిచిన ప్రతి అంకెకీ పెదవి విరిచింది. అంత చిరాగ్గా ఉన్న మనిషి అంత బాగుండటం ఏమిటో నాకర్థం కాలేదు. టేపు వదిలేసరికి నాకా అమ్మాయి నచ్చేసింది.

షెడ్డుని కంచెకి ఎడంగా జరిపి పర్మిట్‌కి అప్లై చేశాను. అది నిజాయితీగా చేసిన పనే. తర్వాతివి కావు. డెక్కుకి రెయిలింగ్ ఉండాలని తెలిసీ పెట్టలేదు. ఆమె మళ్లీ వచ్చింది. రెయిలింగ్ పెట్టి, మెట్టు ఒకటి ఎగుడుదిగుడుగా వదిలేశాను. మళ్లీ వచ్చింది, అదీ చినుకుల్లో తడుస్తూ.

వచ్చినప్పుడల్లా అమ్మ టీ తెచ్చేది. ఆ వానలో కూడా, షెడ్డు చూరు కింద నిలబడి కప్పులోంచి లేస్తున్న పొగనే చూస్తూ, వద్దండీ అంది. ఆ కప్పు ఎప్పట్లాగే నాన్నకి వెళ్లింది. ఆ అమ్మాయి పుణ్యమా అని తనకు రెండో కప్పు దొరుకుతోందని ఆయన మురిసిపోయాడు. అమ్మకి మాత్రం ఒళ్లు మండింది. మన ఇంట్లో గుక్కెడు నీళ్లు కూడా ముట్టదు, అంత పొగరేమిటి అని సణిగింది. నాకూ దిగులేసింది. టీయే వద్దన్న మనిషి నన్నేం కావాలంటుంది?

చివరికి ఆమె ఫోన్ చేసింది. ఈసారీ పాస్ కాకపోతే ఫైలు వాళ్ల పైఆఫీసరుకి వెళ్తుందట, ఆయన కూల్చేయమనే రాస్తాడట. పాసైతేనేమో ఆమె ఇక రాదు. ఏం చేయాలో పాలుపోలేదు. ఆమె వచ్చే రోజు పొద్దున్నే, బుద్ధి గడ్డి తిని, రెయిలింగ్ బోల్టులు విప్పేశాను.

ఆమె వేలితో రెయిలింగ్‌ని తోసింది. అది ఊగింది. బోల్టుల కోసం వంగి వెతికి, లేచి నా చొక్కా జేబు వైపు చూసింది. జేబు బరువుకి కిందికి జారి ఉంది.

"ఇటివ్వండి," అని చెయ్యి చాపింది.

ఇచ్చాను. ఇక దాచి లాభం లేదనిపించింది. "అన్నీ సరిగ్గా ఉంటే మీరు రారు కదండీ. మీరు రాకపోతే నాకేం బాగుండదు. అందుకే విప్పాను."

ఆమె బోల్టులను అరచేతిలో లెక్కపెట్టుకుంది.

"ఫైలు తెరిచున్న ఇంట్లో మేం మంచినీళ్లు కూడా ముట్టకూడదు. అది మా రూల్," అంది. "మీరేమో నెలల తరబడి ఫైలు మూయనివ్వరు. మీ అమ్మగారి టీ వాసన చూస్తూ ఇంకెన్నాళ్లు నిలబడమంటారు నన్ను? ఫైలు లేకపోయినా వద్దామనే అనుకుంటున్నాను."

స్పానర్ కోసం నేను పరిగెత్తిన తీరుకి నాన్న సైకిళ్లు రెండు పడిపోయాయి. బోల్టులన్నీ బిగించాను. ఆమె రెయిలింగ్‌ని రెండు చేతులతోనూ ఊపి చూసి, సంతకం పెట్టి, హెల్మెట్ తీసేసింది.

అమ్మ ఆ రోజు పంతం పట్టి టీ పెట్టనేలేదు. ఇన్‌స్పెక్టర్ తిన్నగా వంటింటి గుమ్మం దగ్గరికి వెళ్లి, "ఇవాళ నాకు టీ ఇస్తారా అండీ?" అని అడిగింది. అమ్మ ఆమెను చూసింది, వెనక నిలబడ్డ నా మొహం చూసింది. సంగతంతా తెలిసిపోయింది. మారు మాట్లాడకుండా గిన్నెలో నీళ్లు పోసింది.

డెక్కు మీద కూర్చుని ఆమె కప్పు ఖాళీ చేస్తుంటే నాన్న ఉత్త ట్రే వైపు దిగాలుగా చూశాడు.

"అయితే ఇక నాకు రెండో కప్పు లేనట్టేనా?"

"ఉంటుంది లెండి," అంది అమ్మ. "ఇక రోజూ నలుగురికి పెట్టాలిగా, అందులోనే ఒక కప్పు ఎక్కువ పెడతాను."